ప్లాటినం ముడి: చంపేది వంపా, అందని మరమ్మతా?

పల్నాడులోని వెల్దుర్తి నుంచి ఒకరు నోటి క్యాన్సర్‌తో గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లారనుకుందాం. అలాంటి రోగులకు ‘కరెంటు’, అంటే రేడియేషన్, పెట్టే రోజుల్లోనే సీసాలో ఎక్కించే మందు చాలావరకు సిస్‌ప్లాటిన్. దాన్ని ఉప్పు సెలైన్‌లో కలుపుతారు. పెద్దపేగు క్యాన్సర్‌కు వాడే ఆక్సాలిప్లాటిన్‌ను మాత్రం గ్లూకోజు నీళ్లలోనే కలుపుతారు. రెండూ ప్లాటినం మందులే అయినా సీసాలు తారుమారు కాకూడదు. సిస్‌ప్లాటిన్‌ను ఉప్పు లేని నీళ్లలో కలిపితే ఒంట్లోకి వెళ్లకముందే దాని రూపం మారడం మొదలవుతుంది. ఆక్సాలిప్లాటిన్‌ను ఉప్పు నీళ్లలో కలిపితే అది ఆక్సాలిప్లాటిన్‌గా మిగలదు.

వార్డులో పాటించే ఈ చిన్న నియమంలోనే ప్లాటినం మందుల రసాయనమంతా ఉంది. ఆ రసాయనం డీఎన్ఏను చేరి ఏం చేస్తుందన్న సంగతి దాదాపు తేలిపోయింది. రెండు మెట్లను కలిపి ముడి వేస్తుంది, తాడును వంచుతుంది, పురిని కొంత విప్పుతుంది. తేలనిది ఆ తరువాతి కథ. కణం చచ్చేది ఆ వంపు వల్లనా, వంపును పట్టుకునే ప్రోటీన్ల వల్లనా, దాన్ని సరిచేయలేకపోవడం వల్లనా? అసలు దెబ్బ డీఎన్ఏ మీదేనా? నలభై ఏళ్లుగా సాగుతున్న ఈ వాదంలో ప్రతి పక్షానికీ గట్టి రుజువొకటి ఉంది, మింగుడుపడని ప్రయోగమూ ఒకటి ఉంది.

గొళ్లెం ఊడే చోటు

సిస్‌ప్లాటిన్ చిన్న అణువు. నడుమ ప్లాటినం పరమాణువు, దాని చుట్టూ చదరపు పలక మూలల్లాగా నాలుగు చేతులు. ఒకవైపు రెండు మూలల్లో అమోనియాలు గట్టిగా అతుక్కుని ఉంటాయి. మరోవైపు రెండు మూలల్లో క్లోరైడ్‌లు గొళ్లేల్లాంటివి, అదను దొరికితే ఊడివస్తాయి. రక్తంలో క్లోరైడ్ లీటరుకు సుమారు 100 మిల్లీమోళ్లు ఉంటుంది కనుక అక్కడ గొళ్లెం పెద్దగా కదలదు. కణం లోపల అది 4 నుంచి 20 మిల్లీమోళ్లే. అక్కడ క్లోరైడ్ జారి, ఆ చోట నీటి అణువు చేరుతుంది. దాంతో ప్లాటినానికి ధనావేశం వస్తుంది, కొత్త జత కోసం తహతహ పెరుగుతుంది. కణం లోపల రుణావేశంతో నిండి ఉన్న పొడవాటి వస్తువు డీఎన్ఏ.

పురి పెట్టిన నులక తాడును తలచుకుంటే డీఎన్ఏ ఆకారం సులువుగా అందుతుంది. రెండు పేటలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ పోతాయి. పది పదిన్నర మెట్లకు ఒక చుట్టు పూర్తవుతుంది. మెట్టుకూ మెట్టుకూ ఎడం 3.4 ఆంగ్‌స్ట్రాములు, అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతుకు మూడున్నర రెట్లలోపు. పేటల నడుమ ఒక పెద్ద గాడి, ఒక చిన్న గాడి ఉంటాయి. నాలుగు అక్షరాల్లో గ్వానీన్‌కు పెద్ద గాడి వైపు తెరుచుకుని ఉన్న ఒక నత్రజని కొస ఉంది, దాన్ని ఎన్7 అంటారు. ప్లాటినం పట్టు పడేది ఎక్కువగా అక్కడే.

మొదటి చెయ్యి ఒక గ్వానీన్‌ను పట్టుకుంటుంది. రెండో క్లోరైడూ ఊడితే పక్క అక్షరాన్ని పట్టుకుంటుంది. సిస్‌ప్లాటిన్ వేసే ముళ్లలో నూటికి 60-65 అదే పేటలో పక్కపక్కనున్న రెండు గ్వానీన్‌ల మధ్యే పడతాయి. 20-25 ఎడినిన్, గ్వానీన్‌ల మధ్య పడతాయి. మిగతా కొద్దిలో నడుమ ఒక అక్షరాన్ని వదిలి వేసిన ముళ్లు, ఎదురెదురు పేటలను కలిపి కట్టిన ముళ్లు, ఒక చేత్తోనే వేలాడే ప్లాటినాలు ఉంటాయి.

కార్బోప్లాటిన్‌లో క్లోరైడ్‌ల చోట సులువుగా ఊడని పెద్ద గొళ్లెం ఉంది. అందుకే అది నెమ్మదిగా పనిచేస్తుంది, మూత్రపిండాలను తక్కువగా బాధిస్తుంది. గొళ్లెం ఊడాక మాత్రం అది సిస్‌ప్లాటిన్ వేసిన ముడే వేస్తుంది. ఆక్సాలిప్లాటిన్ సంగతి వేరు. అందులో అమోనియాల చోట ఊడని పెద్ద వలయం ఒకటి ఉంది. ముడి పడ్డాక కూడా ఆ వలయం పెద్ద గాడిలోకి పొడుచుకుని ఉంటుంది. ఈ తేడా ఎంత గొడవ తెచ్చిందో తరువాత చూద్దాం.

బాక్టీరియా పొడుగెందుకైంది?

సిస్‌ప్లాటిన్ సమ్మేళనం పాతదే. ఇటలీకి చెందిన మిషెల్ పెరోన్ 1840ల నడుమ దీన్ని తయారుచేశాడు. మందవుతుందని ఆయనకు తెలియదు. 1893లో ఆల్ఫ్రెడ్ వెర్నర్ దీని ఆకారాన్ని ఊహించి చెప్పాడు. ఒకే దినుసులతో రెండు రకాల అణువులు వస్తున్నాయంటే నాలుగు చేతులు ఒకే పలకలో ఉండాలని ఆయన తర్కం. ఒకదానిలో క్లోరైడ్‌లు పక్కపక్కన ఉంటాయి, అది ‘సిస్’. రెండోదానిలో ఎదురెదురుగా ఉంటాయి, అది ‘ట్రాన్స్’. ఈ రెండో అణువు వాదంలో చివరిదాకా సాక్షిగా నిలబడుతుంది.

ఆ తరువాత డెబ్బై ఏళ్లు దాని ఊసెత్తినవారు అరుదు. అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోసెన్‌బర్గ్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు విద్యుత్ క్షేత్రంలో కణ విభజన ఎలా మారుతుందో చూడబోయాడు. ప్లాటినం కడ్డీల మధ్య ఈ.కోలై బాక్టీరియాను పెంచితే అవి విడిపోకుండా మామూలు పొడవుకు 300 రెట్ల దాకా దారపు పోగుల్లా సాగిపోయాయి. విభజనను ఆపింది కరెంటు కాదు, కడ్డీల నుంచి కరిగి ద్రవంలోని అమోనియం క్లోరైడ్‌తో కలిసిన ప్లాటినం. లొరెట్టా వాన్‌క్యాంప్, థామస్ క్రిగస్‌లతో కలిసి ఆయన ఈ సంగతి 1965లో నేచర్ పత్రికలో వెల్లడించాడు. 1969లో అదే పత్రికలో ఎలుకల కణితులు కరిగిన వార్త వచ్చింది. 1978 డిసెంబరులో అమెరికాలో అనుమతి దొరికింది. అప్పటిదాకా ఒళ్లంతా పాకితే ఆశ వదులుకోవలసి వచ్చిన వృషణాల క్యాన్సర్‌లో, ఇండియానాలో లారెన్స్ ఐన్‌హార్న్ 1974లో మొదలుపెట్టిన మందుల కలయికతో బతికి బయటపడేవారు పదిమందిలో ఏడెనిమిది మందికి చేరారు.

బాక్టీరియా పెరగడం ఆగలేదు, విభజన ఒక్కటే ఆగింది. అంటే కణంలో తిండీ తయారీ సాగుతున్నాయి, నకలు తీసే పని ఆగింది. డీఎన్ఏ వైపు వేలెత్తి చూపిన తొలి ఆధారం ఇదే.

తెలుగువారికి క్యాన్సర్ మందుల చరిత్ర అనగానే యల్లాప్రగడ సుబ్బారావు గుర్తుకొస్తారు. భీమవరంలో పుట్టిన ఆయన నడిపిన బృందం అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగా వెనక్కి నెట్టిన ఫలితాలు 1948 జూన్‌లో వచ్చాయి. సుబ్బారావు ఆ ఆగస్టులోనే పోయారు. ఆ మందు, దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ డీఎన్ఏను ముట్టవు. ఇటుకలు అందకుండా చేసి గోడ కట్టడాన్ని ఆపుతాయి. ప్లాటినం కట్టిన గోడ మీదికే వెళ్తుంది. కీమో అన్న ఒక్క మాట కింద ఈ రెండు దారులనూ కలిపేయడం వల్ల వచ్చే అయోమయం కొంత ఉంది.

ఎంత వంపు?

ముడి ఆకారాన్ని మొదట పట్టుకున్నది రెండు చోట్ల. హాలండ్‌లోని లైడెన్‌లో యాన్ రైడైక్ బృందం అయస్కాంత అనునాదంతో, అంటే ద్రావణంలోనే, చిన్న డీఎన్ఏ తునకలను చూసింది. అమెరికాలో స్టీఫెన్ లిపార్డ్ బృందం 1985లో రెండు అక్షరాల తునకకు ప్లాటినం కట్టిన స్ఫటికాన్ని ఎక్స్‌రేలో చూసి సైన్స్ పత్రికలో ప్రచురించింది. ప్లాటినం రెండు గ్వానీన్‌లను ఎలా పట్టుకుంటుందో అది చూపింది. రెండు పేటల అసలు డీఎన్ఏలో ఏం జరుగుతుందో మాత్రం ఇంకో పదేళ్లకు గాని తెలియలేదు.

ఈలోగా జెల్ పద్ధతి వచ్చింది. వంగిన డీఎన్ఏ జెల్ గుండా నెమ్మదిగా జారుతుంది కాబట్టి ఆ ఆలస్యాన్ని బట్టి వంపును లెక్కగట్టవచ్చు. 1988లో అలా వేసిన లెక్క సుమారు 40 డిగ్రీలు. తరువాత మరింత శ్రద్ధగా చేస్తే 32-35 డిగ్రీలకు దిగింది. పురి విచ్చుకున్నది 13 డిగ్రీలని తేలింది. 1995లో ప్యాట్రీషియా తకహారా, లిపార్డ్ తదితరులు పన్నెండు మెట్ల డీఎన్ఏ స్ఫటికాన్ని నేచర్‌లో ప్రచురించారు. అందులో వంపు 35-40 డిగ్రీలు. ముడి పడ్డ రెండు గ్వానీన్‌లు ఒకదాని మీద ఒకటి చాపల్లా పరుచుకుని ఉండకుండా, నడుమ చీలిక వేసి తెరిచినట్టు 26 డిగ్రీల కోణంలో నిలబడ్డాయి. తాడు పెద్ద గాడి వైపు వంగింది, వెనుక చిన్న గాడి వెడల్పయి లోతు తగ్గింది.

అదే ఏడాది ద్రావణంలో చేసిన కొలత 58 డిగ్రీలంది. 1998లో లిపార్డ్ ప్రయోగశాల నుంచే వచ్చిన మరో ద్రావణ నిర్మాణం 78 డిగ్రీలంది! ఒకే ముడికి 32 నుంచి 78 దాకా కొలతలు రావడం చూసి ఎవరో తప్పుచేశారని అనుకోవడం తేలిక. అసలు కారణం పద్ధతుల్లో ఉంది. స్ఫటికంలో అణువులు రద్దీ బస్సులో మనుషుల్లా ఒకదానిమీద ఒకటి ఒరిగి ఉంటాయి. 1995 నాటి స్ఫటికంలో డీఎన్ఏ ఒక కొసన ఒక రూపంలో, మరో కొసన ఇంకో రూపంలో కనిపించడానికి పక్క అణువు ఒరుగుడు కొంత కారణం. ద్రావణ పద్ధతి దగ్గరదగ్గర పరమాణువుల ఎడాన్ని బాగా కొలుస్తుంది. మొత్తం తాడు వంపును ఆ చిన్న ఎడాలను కూడి లెక్కవేయాలి, ప్రతి మెట్టు దగ్గరా చిన్న పొరపాటు చేరుతుంది. జెల్ కొలిచేది స్థిరమైన వంపును కాదు, ఊగుతున్న తాడు సగటును. పైగా ముడి పక్కన ఏ అక్షరం ఉందన్నదాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది.

అంచేత ‘సిస్‌ప్లాటిన్ డీఎన్ఏను ఇన్ని డిగ్రీలు వంచుతుంది’ అని ఒక్క అంకె చెప్పే పాఠ్యపుస్తకాన్ని కాస్త అనుమానంగానే చూడాలి. ముడి పడ్డ చోట తాడు గట్టిపడిన కొక్కెం కాదు, కీలు లాంటిది. ఒక దిక్కుకు వంగడానికి సిద్ధంగా ఉన్న కీలు అనుకుంటే కొలతల మధ్య కొట్లాట చాలావరకు సద్దుమణుగుతుంది.

ఎదురు పేటలను కలిపే ముడి ఇంకా వింతది. అది అరుదు గాని విధ్వంసం పెద్దది. ప్లాటినం పెద్ద గాడి వదిలి చిన్న గాడిలోకి దూరుతుంది. జత కోల్పోయిన సైటోసిన్‌లు రెండూ బయటికి తోసుకొస్తాయి. తాడు ఈసారి చిన్న గాడి వైపు, 45 డిగ్రీలకు అటూఇటూగా వంగుతుంది. పురి 70 డిగ్రీలు, అంతకు మించి విచ్చుకుంటుంది. 1995లో ద్రావణంలో, 1999లో స్ఫటికంలో దీన్ని చూశారు. ఈ రెండూ స్థూలంగా ఏకీభవించాయి, ఈ రంగంలో అది చిన్న విశేషం కాదు.

వంపును చదివేవారు

తాడు వంగితే ఏమవుతుంది? వంగిన డీఎన్ఏనే వెతుక్కుని పట్టుకునే ప్రోటీన్లు కణంలో ఉన్నాయి. 1989లో సిస్‌ప్లాటిన్ కట్టిన డీఎన్ఏను ఎరగా వేసి వెతికితే ఒక ప్రోటీన్ పడింది. 1992లో హెచ్‌ఎంజీబీ1 అనే ప్రోటీన్ కూడా ఈ ముడిని గట్టిగా పట్టుకుంటుందని తేలింది. 1999లో ఉటా-మరియా ఓన్‌డార్ఫ్, లిపార్డ్ తదితరులు ఆ పట్టును స్ఫటికంలో చూపారు. చిన్న గాడి వైపు తెరుచుకున్న ఆ చీలికలోకి ప్రోటీన్‌లోని 37వ చోట ఉన్న ఫినైల్‌అలనీన్ వేలు దూర్చినట్టు దూరుతుంది. డీఎన్ఏ 61 డిగ్రీలు వంగుతుంది. ముడి వేసిన చీలికకూ ఆ వేలికీ కొలత కుదిరినట్టుండే ఆ చిత్రం ఎంతో అందమైనది. ఈ వాదాన్ని ఇన్నాళ్లు నిలబెట్టిన దానిలో ఆ అందం పాలు తక్కువేమీ కాదు.

దాని మీద రెండు ఊహలు పుట్టాయి. ఒకటి, ఆ ప్రోటీన్ ముడి మీద కూర్చుంటే మరమ్మతు యంత్రానికి ముడి కనిపించదు. గొడుగు కింద దాక్కున్న దొంగ లాగా ప్లాటినం మిగిలిపోతుంది. పరీక్షనాళికలో అలాగే జరిగింది కూడా. రెండో ఊహ, జన్యువులను నడిపించే ముఖ్య ప్రోటీన్లు తమ చోటు వదిలి ఈ ముళ్ల మీదికి పోతాయి, దాంతో కణం పనులు స్తంభిస్తాయి. యూబీఎఫ్ అనే ప్రోటీన్ అసలు చోటు కన్నా తక్కువేమీ కాకుండా ఈ ముడిని పట్టుకుంటుందని 1994లో చూపారు.

ఈ పక్షానికి గట్టి దెబ్బ అదే ప్రయోగశాల నుంచి తగిలింది. 2003లో లిపార్డ్ బృందం హెచ్‌ఎంజీబీ1 లేని ఎలుక కణాలనూ, ఉన్నవాటినీ పోల్చింది. గొడుగు సిద్ధాంతం నిజమైతే ప్రోటీన్ లేని కణాలు మందును తట్టుకోవాలి. తేడా కనిపించలేదు. ఆ కుటుంబంలో వేరే ప్రోటీన్లు ఆ పని చేస్తున్నాయేమో, ఒక్కో కణజాలంలో ఒక్కోటి ముఖ్యమేమో అని సర్దిచెప్పేవారున్నారు. ఆ సర్దుబాటులో నిజం ఉండొచ్చు. దాన్ని రుజువు అనలేం. సొంత సిద్ధాంతానికి ఎదురుపోయే ఫలితాన్ని అచ్చువేసినందుకు మాత్రం ఆ బృందానికి మెచ్చుకోలు దక్కాలి.

వంపు లేకపోయినా...

వంపు పక్షానికి పాత బలం ట్రాన్స్‌ప్లాటిన్. దాని రెండు చేతులు ఎదురెదురుగా ఉండటంతో పక్కపక్కనున్న గ్వానీన్‌లను కలపలేదు. అది రోగులకు పనికిరాదు. కాబట్టి పక్క గ్వానీన్‌ల ముడీ, దాని వంపూ ముఖ్యమన్న నమ్మకం బలపడింది. ఒక చేత్తోనే పట్టుకునే ప్లాటినం సమ్మేళనాలు మందులు కాలేవని ఇందులోంచే ఒక సూత్రం తీశారు.

ఆ సూత్రాన్ని పిరిప్లాటిన్ కదిపింది. దానికి ఒకే గొళ్లెం ఉంది. డీఎన్ఏకు అతుక్కున్న పిరిప్లాటిన్ నిర్మాణాన్ని 2008లో చూస్తే తాడు దాదాపు తిన్నగానే ఉంది. అయినా కణాలు చచ్చాయి. 2012లో వచ్చిన ఫినాంత్రిప్లాటిన్ ప్రయోగశాలలో పెంచిన క్యాన్సర్ కణాల్లో సిస్‌ప్లాటిన్ కన్నా చాలా తక్కువ మోతాదులోనే పనిచేసింది. అది రోగుల దాకా రాలేదన్నది వేరే మాట. వంపు లేకుండానే ప్లాటినం చంపగలదన్నది మాత్రం తిరుగులేని సంగతి.

ఎలా చంపుతుంది? డీఎన్ఏ మీద నడుస్తూ ఆర్ఎన్ఏ నకలు తీసే ఆర్ఎన్ఏ పాలిమరేజ్2 అనే యంత్రం ముడి దగ్గర ఆగిపోతుంది. మ్యూనిక్‌లో ప్యాట్రిక్ క్రామర్ బృందం 2007లో సిస్‌ప్లాటిన్ ముడి దగ్గర ఆగిపోయిన ఆ యంత్రం నిర్మాణాన్ని చూపింది. ముడి పడ్డ రెండు గ్వానీన్‌లు యంత్రం నడుమకు చేరలేవు. 2010లో పిరిప్లాటిన్‌తోనూ ఆ యంత్రం ఆగిన చిత్రం వచ్చింది, ఆగిన తీరు వేరైనా ఫలితం ఒక్కటే. నాగార్జునసాగర్ కుడి కాలువ పల్నాటి నేలలో ఎన్నిచోట్ల వంపు తిరిగినా నీళ్లు ఆగవు. తూము దగ్గర బండ అడ్డం పడితే ఆగుతాయి. ప్లాటినం విషయంలోనూ వంపు కన్నా అడ్డుకే ఎక్కువ బరువు ఇవ్వాలన్నది ఈ పక్షం వాదన. రెండు పక్షాల ఆధారాలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకూ ఇదే ఎక్కువ నిలబడేదిగా కనిపిస్తుంది. అడ్డు పడేలా చేయడంలో వంపు కొంత సాయపడుతుందేమో గాని, వంపే అడ్డు కాదు.

ఆక్సాలిప్లాటిన్ తెచ్చిన చిక్కు

నగోయాలో యోషినోరి కిదానీ 1976లో తయారుచేసిన ఆక్సాలిప్లాటిన్ ఫ్రాన్స్‌లో 1996లో, అమెరికాలో 2002లో అనుమతి పొందింది. సిస్‌ప్లాటిన్‌కు లొంగని పెద్దపేగు క్యాన్సర్‌లో అది పనిచేస్తుంది. అది వేసే ప్రధాన ముడి కూడా పక్క గ్వానీన్‌ల మధ్యదే. 2001 నాటి స్ఫటికంలో వంపు సుమారు 30 డిగ్రీలు. సిస్‌ప్లాటిన్‌కు దగ్గరే.

ఆకారం ఇంత దగ్గరైతే ఫలితం ఎందుకు వేరైంది? పొడుచుకుని ఉన్న వలయం వల్ల చదివేవారు మారతారన్నది ఒక జవాబు. డీఎన్ఏలో జత తప్పిన అక్షరాలను వెతికే ప్రోటీన్లు సిస్‌ప్లాటిన్ ముడిని గుర్తుపడతాయి, ఆక్సాలిప్లాటిన్ ముడిని అంతగా పట్టించుకోవు. ఆ ప్రోటీన్లు పోయిన కణాలు సిస్‌ప్లాటిన్‌ను తట్టుకున్నా ఆక్సాలిప్లాటిన్‌ను తట్టుకోలేవు. ఇంకో ఇబ్బందికరమైన లెక్క కూడా ఉంది. సమానంగా చంపే మోతాదులో ఆక్సాలిప్లాటిన్ డీఎన్ఏ మీద వేసే ముళ్లు సిస్‌ప్లాటిన్ కన్నా తక్కువ.

ఈ లెక్కను పట్టుకుని 2017లో పీటర్ బ్రూనో, మైకేల్ హెమన్, లిపార్డ్ తదితరులు నేచర్ మెడిసిన్‌లో పెద్ద మాటే అన్నారు. ఆక్సాలిప్లాటిన్ ప్రధానంగా డీఎన్ఏను గాయపరిచి చంపడం లేదు, ప్రోటీన్లు తయారుచేసే రైబోసోమ్‌ల కట్టుబడిని చెడగొట్టి చంపుతోందని. ఆ తరువాత, రైబోసోమ్‌ల కట్టుబడి జరిగే కేంద్రకణిక మీద ఈ రకం ప్లాటినాల ప్రభావాన్ని చూపిన పరిశోధనలు దీనికి తోడయ్యాయి. ఇది రుజువైన సిద్ధాంతమని చెప్పలేం. ఆక్సాలిప్లాటిన్ డీఎన్ఏనూ కడుతుంది, అది కణానికి తెలియకుండా పోదు. రెండు దెబ్బల్లో ఏది ఏ కణితిలో ముందు పనిచేస్తుందన్నదే చిక్కు. మూడు ప్లాటినం మందులనూ ఒకే గాటన కట్టి చెప్పే అలవాటు మాత్రం ఇక చెల్లదు.

దీనికి దగ్గరి సంగతి ఒకటి తరచూ మరుగున పడుతుంది. కణంలోకి చేరిన ప్లాటినంలో నూటికి ఒక వంతు మాత్రమే కేంద్రకంలోని డీఎన్ఏకు అతుక్కుంటుందని సాధారణంగా లెక్కగడతారు. మిగిలినది ప్రోటీన్లకు, గ్లూటాథయోన్‌కు, ఆర్ఎన్ఏకు, మైటోకాండ్రియాకు పోతుంది. సిస్‌ప్లాటిన్ బాగా దెబ్బతీసే మూత్రపిండ నాళికలు, లోపలి చెవి కణాలు త్వరత్వరగా విభజన జరిగేవి కావు. కేవలం విభజన ఆగడంతో వాటి బాధను వివరించడం కష్టం. డీఎన్ఏ కాదనే పక్షానికి వైద్యశాలలో దొరికే బలమైన సాక్ష్యం బహుశా ఇదే.

సరిచేసేవాడి చేతిలో

మూడో వైపు నుంచి వచ్చే వాదం ఇది: ముడి ఎక్కడ పడిందన్నది పెద్ద సంగతి కాదు, ఎక్కడ విప్పబడిందన్నదే సంగతి. అజీజ్ సాంకర్ ఈ రంగానికి పెద్ద. డీఎన్ఏ మరమ్మతు మీద పనికి 2015లో నోబెల్ పంచుకున్నారు. 2016లో ఆయన బృందం సిస్‌ప్లాటిన్, ఆక్సాలిప్లాటిన్ ముళ్లను మానవ జన్యువు మొత్తం మీద అక్షరం అక్షరంగా పటం గీసింది. ముళ్లు దాదాపు సమంగా పరుచుకుని ఉన్నాయి, పక్కపక్కన గ్వానీన్‌లు ఎక్కడ ఎక్కువో అక్కడ ఎక్కువ. మరమ్మతు మాత్రం సమంగా లేదు. చురుగ్గా నడిచే జన్యువుల మీద ముళ్లు త్వరగా విప్పుకున్నాయి, మూసి ఉంచిన చోట్ల నిలిచిపోయాయి.

వృషణాల క్యాన్సర్‌లో సిస్‌ప్లాటిన్ అద్భుతం ఇక్కడ కొంత అర్థమవుతుంది. ఆ కణాల్లో మరమ్మతుకు అవసరమైన ఎక్స్‌పీఏ అనే ప్రోటీన్ తక్కువని 1999లో చూపారు. ముడి విప్పే చెయ్యి లేకపోవడమే అక్కడ మందు బలం. బీఆర్‌సీఏ జన్యువులు చెడిన అండాశయ, రొమ్ము క్యాన్సర్లు ప్లాటినానికి బాగా లొంగడం కూడా ఇదే కోవలోనిది. ఎదురు పేటలను కలిపే ముడిని విప్పాలంటే ఆ జన్యువులు చేసే పని కావాలి.

అయితే ఈ పక్షం కూడా ఒకసారి బోల్తా పడింది. ఈఆర్‌సీసీ1 అనే మరమ్మతు ప్రోటీన్ ఎంత ఉందో చూసి ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో సిస్‌ప్లాటిన్ ఎవరికి ఉపయోగపడుతుందో చెప్పవచ్చని 2006లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక బృందం అంది. 2013లో అదే పత్రికలో వచ్చిన పరిశోధన ఆ ఆశకు తెర దించింది. ఆ ప్రోటీన్‌కు రూపాలు కొన్ని ఉన్నాయి, పనిచేసేది ఒక్కటే. వాడిన పరీక్షకు ఆ తేడా తెలియదు.

తేలని సంగతులు

పన్నెండు మెట్ల తునక మీద కొలిచిన వంపు కణంలో ఎంతవరకు వర్తిస్తుంది? మన కణాల్లో డీఎన్ఏ ఖాళీగా వేలాడదు. 147 మెట్ల చొప్పున హిస్టోన్ ఉండల చుట్టూ ఒకటిన్నర చుట్లకు పైగా చుట్టుకుని, ముందే గట్టిగా వంగి ఉంటుంది. అలా వంగిన తాడుకు మరో 40 డిగ్రీల వంపు అంటే ఏమిటి? 2005లో లిపార్డ్ బృందం చూపినదేమంటే, ప్లాటినం ముడి ఉండ మీద డీఎన్ఏ ఏ వైపు తిరిగి ఉండాలో శాసిస్తుంది. 2008లో కర్ట్ డేవీ బృందం ఉండ మీద ప్లాటినం కొన్ని చోట్లనే ఎక్కువగా పట్టుకుంటుందని చూసింది. పైన చెప్పిన వంపు కొలతలన్నీ హిస్టోన్ ఉండలు లేని తాడు మీద చేసినవే కాబట్టి, ఈ రెండు పరిశోధనలూ ఇంకా పెద్ద కథలో మొదటి పేజీలే.

మూసి ఉన్న చోట్ల నిలిచిపోయిన ముళ్లు కణాన్ని వెంటనే చంపవు. మరి అవి తరువాత ఎప్పుడైనా లెక్కకొస్తాయా? తిరగబెట్టిన క్యాన్సర్ ప్లాటినానికి లొంగకపోవడానికి మరమ్మతు పెరగడం కారణమా, మందు కణంలోకి రాకపోవడం కారణమా, ముడిని దాటి నకలు తీయగల ఈటా రకం పాలిమరేజ్‌ల పనితనమా? ఒక్కో రోగిలో ఒక్కో పాళ్లలో ఉండొచ్చని చాలామంది ఒప్పుకుంటారు. పాళ్లు కొలిచే పరీక్ష మాత్రం వార్డులో లేదు.

అందుకే మోతాదు ఇప్పటికీ నిర్మాణశాస్త్రం నిర్ణయించడం లేదు. నోటి, గొంతు క్యాన్సర్లకు రేడియేషన్‌తో పాటు మూడు వారాలకోసారి చదరపు మీటరుకు 100 మిల్లీగ్రాములు ఇవ్వాలా, వారం వారం కొంచెం కొంచెం ఇవ్వాలా అన్న ప్రశ్నకు జవాబు రోగుల మీద పోల్చి చూసిన ప్రయోగాలే ఇచ్చాయి. ముంబైలోని టాటా మెమోరియల్‌లో 300 మందితో చేసి 2018లో ప్రచురించిన ప్రయోగంలో వారానికి 30 మిల్లీగ్రాములు ఇచ్చినవారిలో రెండేళ్లకు క్యాన్సర్ ఆ చోట అదుపులో ఉన్నవారు నూటికి 58.5, పెద్ద మోతాదు తీసుకున్నవారిలో 73.1. దుష్ప్రభావాలూ పెద్ద మోతాదులోనే ఎక్కువ. తరువాత ఆపరేషన్ అయిన రోగుల్లో జపాన్‌వారు వారానికి 40 మిల్లీగ్రాములతో చేసిన ప్రయోగం వారపు పద్ధతి తీసిపోదని తేల్చింది. 30కీ 40కీ మధ్య డీఎన్ఏ మీద పడే ముళ్లలో తేడా ఎంతన్నది ఈ ప్రయోగాలు చెప్పే సంగతి కాదు. మూత్రపిండాలు తట్టుకోవడం కోసం ముందూ వెనుకా పట్టించే సెలైన్ లెక్క మాత్రం గుంటూరులోనైనా ముంబైలోనైనా ఎవరూ తప్పరు.